హాఫ్ మారథాన్‌కు పాతబస్తీ దారి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్ అంటే కొన్నేళ్లుగా పడమటి దిక్కే గుర్తొస్తోంది: ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, దుర్గం చెరువు మీది తీగల వంతెన, గచ్చిబౌలి స్టేడియం. దారి మంచిదే. తొడల్లో సత్తా ఉన్నదీ లేనిదీ తేల్చేస్తుంది. కానీ వరంగల్ నుంచో విజయవాడ నుంచో పరుగుకు వచ్చినవాళ్లకు ఆ దారిలో నాలుగు వందల ఏళ్ల నగరం కనబడదు. పాతబస్తీ మీదుగా పెట్టండంటే వినిపించే జవాబు ఒక్కటే: "అక్కడ రోడ్లు ఇరుకు, అంతసేపు మూయలేం." కాగితం మీద లెక్క వేస్తే ఈ జవాబు నిలవదు. చార్మినార్ దగ్గర రోడ్డు మూయాల్సింది ఆదివారం పొద్దున గంటన్నర మాత్రమే. షరతు ఒకటుంది. చార్మినార్ దగ్గర పరుగు మొదలుపెట్టకూడదు, ముగించకూడదు. అది దారి మధ్యలో రావాలి.

మేం చెప్తున్న దారి ఇది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా నుంచి ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, రవీంద్రభారతి, అసెంబ్లీ, నాంపల్లి స్టేషన్, మోజంజాహీ మార్కెట్, అఫ్జల్‌గంజ్, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్. అక్కడ ఆగకుండా మక్కా మసీదు ముందు నుంచి శాలిబండ వైపు కొంత పోయి వెనక్కి తిరగాలి. మోజంజాహీ మార్కెట్ దాకా వచ్చిన దారినే వచ్చి, అక్కణ్నుంచి ఆబిడ్స్ జీపీవో, బషీర్‌బాగ్, లిబర్టీ, ట్యాంక్‌బండ్, బుద్ధభవన్, సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు మీదుగా మళ్లీ పీపుల్స్ ప్లాజా చేరాలి. మ్యాప్ మీద చూస్తే ఇది 21 కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా పడుతుంది. ఆ తేడాను శాలిబండ వైపు మలుపు దగ్గర సరిచేసుకోవచ్చు. అక్కడ మలుపుకు గుర్తుగా పెట్టే కోన్ ఒక మీటరు జరిపితే మొత్తం దూరం రెండు మీటర్లు మారుతుంది.

ఇక టైము లెక్క. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. గడువు మూడు గంటలైతే చివరి మనిషి కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్లు తీసుకోవచ్చు. మొదటి గుంపును ఐదున్నరకు, మిగతా మూడు గుంపులను ఐదేసి నిమిషాల తేడాతో వదిలారనుకుందాం. శాలిబండ మలుపు సుమారు తొమ్మిదో కిలోమీటరు దగ్గర వస్తుంది. కిలోమీటరుకు మూడుంబావు నిమిషాల్లో పోయే మొనగాడు ఆరింటికి అక్కడుంటాడు. ఐదుంముప్పావుకు బయల్దేరిన ఆఖరి గుంపులో అందరికన్నా నెమ్మదివాళ్లు 7:02కు తిరిగిపోతారు. అంటే 5:45 నుంచి 7:15 వరకు మూస్తే సరిపోతుంది. లాడ్ బజార్ షట్టర్లు లేవడానికి అప్పటికింకా చాలా టైముంటుంది. ఆబిడ్స్‌ను చివరి మనిషి ఏడుంముప్పావుకల్లా దాటేస్తాడు కాబట్టి, ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు పరిచేవాళ్ల బేరమూ పోదు. ట్యాంక్‌బండ్ ఉత్తరపు కొస ఎనిమిదీ పదికి ఖాళీ అవుతుంది.

ఈ లెక్క నిలవాలంటే "తెల్లవారుజాము నుంచి పది దాకా అన్ని రోడ్లూ బంద్" అనే పద్ధతి మానుకోవాలి. చివరి గుంపు వెనకాలే కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్ల వేగంతో ఒక బస్సు కదలాలి. బస్సు దాటిన జంక్షన్‌ను పది నిమిషాల్లో తెరవాలి. బస్సుకు చిక్కినవాళ్లు ఎక్కాలి, ఎక్కననేవాళ్లు ఫుట్‌పాత్ మీదికి మారాలి. ఇక్కడే చాలామంది నిర్వాహకులు మెత్తబడతారు. నలుగురు బతిమాలారని బస్సు నెమ్మదిస్తే, ఆ ఐదు నిమిషాలు పది జంక్షన్లలో పేరుకుపోతాయి. ఏడాది తిరిగేసరికి పోలీసులు అనుమతి ఇవ్వరు.

చార్మినార్ దగ్గర ఎందుకు మొదలుపెట్టకూడదో కూడా చెప్పాలి. బయల్దేరే చోట వేలమంది ఒకేసారి నిలబడతారు. వాళ్లకు వెడల్పాటి రోడ్డు, మూత్రశాలలు, సంచులు దాచే గుడారాలు, అంబులెన్సు నిలిచే జాగా కావాలి. ఇవన్నీ పీపుల్స్ ప్లాజాలో ఉన్నాయి, పత్తర్‌గట్టిలో లేవు. ఎనిమిదిన్నర కిలోమీటర్లు పరుగెత్తాక సంగతి వేరు. కిలోమీటరుకు నాలుగు నిమిషాలవాడు 34 నిమిషాల్లో అక్కడికొస్తే ఎనిమిదిన్నర నిమిషాలవాడు 72 నిమిషాలకు వస్తాడు. గుంపు దానంతటదే 38 నిమిషాల పొడవున సాగిపోతుంది కాబట్టి ఇరుకు ఇరుకనిపించదు. పైగా చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడాలకు నిషేధిత ప్రాంతం. అక్కడ తోరణాలు, ఎల్‌ఈడీ తెరలు, స్పాన్సర్ల బెలూన్లు నిలబెట్టాలన్న ఆలోచనే వద్దు. నేల మీద కోన్లు, చేతిలో విజిల్ ఉన్న వాలంటీర్లు చాలు.

దారి పొడవునా చూడదగినవి చాలా ఉన్నాయి. అయితే పరుగెత్తేవాడి కంటికి ఏది ఎప్పుడు పడుతుందో తెలిసుండాలి. మొదటి రెండు మూడు కిలోమీటర్లలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, సచివాలయం, అమరజ్యోతి వరసగా వస్తాయి. మూడూ 2023లో ప్రారంభమైనవే. పరుగు ఆగస్టు చివర్లో పెడితే ఐదున్నరకు ఇంకా చీకటే ఉంటుంది కాబట్టి ఇవి దీపాల వెలుగులోనే కనబడతాయి. 1913 నాటి అసెంబ్లీ భవనం, పబ్లిక్ గార్డెన్స్ తర్వాత నాంపల్లిలో తల మీద మెట్రో వంతెన ఉంటుంది. అక్కడ చేతి గడియారంలోని జీపీఎస్ తప్పులు చూపిస్తుంది. దాన్ని నమ్మి వేగం మార్చుకోకుండా రోడ్డు పక్క కిలోమీటరు బోర్డులు చూసుకోవడం మేలు. మోజంజాహీ మార్కెట్ 1935 నాటి గ్రానైట్ కట్టడం. గడియారపు గోపురం దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి మలుపుకు మంచి గుర్తు. ఐస్‌క్రీమ్ దుకాణాలు అప్పటికి తెరవరు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

అఫ్జల్‌గంజ్ దాటాక కుడి పక్కన ఉస్మానియా ఆసుపత్రి, మూసీ దాటగానే అదే పక్కన విన్సెంట్ ఎష్ గీసిన నక్షాతో కట్టిన హైకోర్టు. ఈ ఒడ్డు 1908 సెప్టెంబరు 28న మునిగిన చోటు. వరదకు తట్టుకున్న చింతచెట్టు ఆసుపత్రి ఆవరణలోనే ఉంది, దాని కొమ్మలెక్కి సుమారు నూటయాభై మంది బతికారని చెప్తారు. ఆ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినవే పత్తర్‌గట్టి రాతి కమాన్ల దుకాణాలు. మోజంజాహీ మార్కెట్ కూడా ఆ బోర్డు పనే. ఒక్క వరద తర్వాత నగరం ఎలా మారిందో రెండు కిలోమీటర్లలో కళ్ల ముందు పరుచుకుంటుంది.

మదీనా దాటి పత్తర్‌గట్టిలోకి వచ్చాక అసలు దృశ్యం మొదలవుతుంది. ముందు మచ్లీ కమాన్, దాని కింద నుంచి గుల్జార్‌హౌజ్, దాని వెనక మరో కమాన్, ఆ చట్రంలో 1591 నాటి చార్మినార్. ఆగస్టు చివర్లో సూర్యోదయం ఆరు దాటగానే. మొదటి గుంపు కమాన్ల కింద నుంచి వచ్చే వేళకు మినార్ల పైకొసలకు వెలుగు తగులుతుంటుంది. డిసెంబరులో పెడితే చల్లగా ఉంటుంది గానీ ఈ వెలుగు దక్కదు. అప్పుడు సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు.

అక్కడే కాలు జారేదీ. చార్మినార్ చుట్టూ వాహనాలు తీసేసి గ్రానైట్ రాళ్లు పరిచారు. పొద్దున్నే ఊడ్చి నీళ్లు చల్లుతారు. తడి గ్రానైట్ మీద, పావురాల గింజల మీద, అరిగిన రబ్బరు అడుగు నిలవదు. రాళ్ల సందుల్లో చీలమండ మడత పడే ప్రమాదమూ ఉంది. పరుగు రోజు నీళ్లు చల్లడం ఏడుంబావు తర్వాతకు మార్చమని జీహెచ్‌ఎంసీని ముందే అడగాలి. వానొస్తే మలుపుల దగ్గర రబ్బరు చాపలు పరచాలి. అంచులు టేపుతో అంటించని చాప, చాప లేకపోవడం కన్నా ప్రమాదం. పరుగెత్తేవాళ్లకు చెప్పేది ఒకటే: అక్కడ అడుగు పొట్టిగా వేయండి, సెల్ఫీ కోసం ఉన్నపళంగా ఆగకండి. ఫొటో కావాలంటే చెయ్యి పైకెత్తి, వెనక చూసుకుని, అంచుకు జరిగి ఆగండి.

మోజంజాహీ నుంచి శాలిబండ దాకా పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే రోడ్డు మీద ఉంటారు. ముందువాడు 39వ నిమిషంలో మోజంజాహీకి తిరిగొస్తుంటే, చివరివాళ్లు 66వ నిమిషానికి గానీ అక్కడికి చేరరు. కాబట్టి రోడ్డును నిలువునా రెండుగా కోన్లతో విడగొట్టక తప్పదు. ఇక్కడ అలవాటు కొద్దీ చేసే పొరపాటు ఒకటుంది. మన వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి పరుగునూ ఎడమ పక్కనే నడిపిస్తారు. అలా చేస్తే ఆబిడ్స్ వైపు కుడికి తిరగాల్సిన వరస, నాంపల్లి నుంచి ఎదురొచ్చే వరసను కోసుకుంటూ పోవాల్సి వస్తుంది. గడియారం గోపురం ముందే గుద్దులాట అవుతుంది. పోయేవాళ్లను నాంపల్లి నుంచే కుడి పక్కకు తేవాలి. అప్పుడు వచ్చేవాళ్లు కూడా తమ కుడి పక్కనే ఉండి, ఎవరికీ అడ్డం పడకుండా ఆబిడ్స్‌కు తిరిగిపోతారు. కమాన్ల దగ్గర చెరి సగం. కమాన్ వెడల్పును టేపుతో కొలిచి, సగంలో ఎంతమంది పక్కపక్కన పడతారో చూసి గుంపుల సంఖ్యను ఖాయం చేయాలి. కొలవకుండా ముందే రిజిస్ట్రేషన్లు తెరవకండి.

ఉస్మానియా ఆసుపత్రి సంగతి అన్నిటికన్నా ముఖ్యం. పరుగు పేరుతో అంబులెన్సు ఒక్క నిమిషం ఆగినా ఈ దారిని సమర్థించడానికి మాకు నోరు రాదు. ఆసుపత్రి వైపు ఒక వరస రోడ్డును పరుగుకు వాడకుండా పూర్తిగా వదిలేయాలి. రోడ్డు అడ్డంగా దాటాల్సిన చోట ద్వీపం పద్ధతి పెట్టాలి. రోడ్డు నడుమ కోన్లతో పొడుగాటి ఖాళీ జాగా విడిచి, పరుగును మొదట ఎడమ సగం మీదికి మళ్లిస్తారు. కుడి సగం ఖాళీ అవగానే వాహనం నడుమ దాకా వచ్చి ఆగుతుంది. తర్వాత పరుగును కుడికి మళ్లిస్తే వాహనం ఎడమ సగం దాటిపోతుంది. పరుగెత్తేవాళ్లెవరూ ఆగనక్కర్లేదు. దీనికి తాడు పట్టుకున్న ఇద్దరు, విజిల్ ఉన్న ఒకరు, ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ కావాలి. తాడు చివరివాడు ఫోన్ చూస్తే మొత్తం పోయినట్టే. ఇంకొకటి, ఆసుపత్రులకూ కోర్టులకూ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. నాంపల్లి దాటాక డీజేలు, డప్పులు, మైకులు వద్దు. మక్కా మసీదు, చార్మినార్ దగ్గరి గుడి ముందూ అంతే.

ఎత్తుపల్లాల గురించి అపోహ ఉంది. పాతబస్తీ దారి చదును అనుకుంటారు. హుస్సేన్‌సాగర్ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు, చెరువు మిగులు నీరు నాలాలో పడి పోయి కలిసేది మూసీలో. నీళ్లు అటు పోతున్నాయంటే దారి కూడా అటు పల్లమే. మూసీ దాకా మొత్తమ్మీద దిగుడు, చీకటి, చల్లగాలి, జనం కేకలు. తెలియకుండానే కిలోమీటరుకు పది పదిహేను సెకన్లు ఎక్కువ వేగం వచ్చేస్తుంది. అసలు బాకీ అఫ్జల్‌గంజ్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా ఎక్కేటప్పుడు తీర్చాలి. ఎక్కుడు నిటారుగా ఉండదు, అందుకే మోసం చేస్తుంది. నాంపల్లి దాకా అనుకున్న వేగం కన్నా ఐదు సెకన్లు నెమ్మదిగా పోయినవాళ్లు బషీర్‌బాగ్‌లో పదిమందిని దాటుతారు.

ట్యాంక్‌బండ్ మీద నీడ లేదు. కుడి పక్క నుంచి ఎండ, ఎడమ పక్క నుంచి వానాకాలపు పడమటి గాలి, దాంతోపాటు చెరువు వాసన. ఆ వాసన గురించి పర్యాటక పుస్తకాలు రాయవు, మేం రాస్తున్నాం. చెరువు 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వింది. నడుమ ఏకశిలా బుద్ధుడు 1990లో తరలిస్తుండగా నీళ్లలో పడి, 1992లో లేచి నిలబడ్డాడు. గట్టు మీద వరుసగా ఉన్న విగ్రహాలు అలసిన కాళ్లకు ఆసరా: ఈ విగ్రహం నుంచి ఆ విగ్రహం దాకా అని ముక్కలు చేసుకుంటే రెండు కిలోమీటర్ల గట్టు త్వరగా కరుగుతుంది. ముందున్న సంజీవయ్య పార్కులో 291 అడుగుల జెండా స్తంభం కనబడుతుంది. జెండా ఎగురుతున్న రోజైతే అది ఎటు రెపరెపలాడుతోందో గట్టు మీద నుంచే చూసుకోండి. మీవైపు ఎగురుతుంటే పార్కు దాకా ఎదురుగాలే. అలాంటప్పుడు ఒంటరిగా పోవడం కన్నా ఎవరి వెనకైనా చేరడం మంచిది.

కొలతకు వస్తే, చాలా పరుగుల్లో దూరాన్ని కారు మీటరుతోనో ఫోన్‌తోనో కొలిచి సరిపెడతారు. సరైన పద్ధతి సైకిల్‌కు చక్రం తిరిగే కొద్దీ అంకెలు లెక్కించే జోన్స్ కౌంటర్ బిగించి కొలవడం. ముందు చక్కగా సాగే రోడ్డు మీద కనీసం 300 మీటర్లు ఉక్కు టేపుతో కొలిచి, దాని మీద సైకిల్‌ను నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకు ఎన్ని అంకెలు పడుతున్నాయో చూస్తారు. సుమారు 11 వేలు పడతాయి. తర్వాత మార్గం కొలిచి, మళ్లీ వచ్చి నాలుగుసార్లు తొక్కుతారు. రెండోసారి ఎందుకంటే ఎండెక్కితే టైరులో గాలి ఉబ్బి చక్రం పెద్దదవుతుంది, అంకెలు తగ్గుతాయి. సన్నగా గాలి పోతుంటే చక్రం చిన్నదై, మార్గం పొట్టిగా తేలుతుంది. ఉక్కు టేపు కూడా 35 డిగ్రీల్లో 300 మీటర్లకు ఐదు సెంటీమీటర్లు సాగుతుంది. సైకిల్‌ను రోడ్డు మధ్యలో కాకుండా, పరుగెత్తేవాడు పోగల అతి దగ్గరి దారిలో, వంపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కాలి. అన్నీ అయ్యాక వెయ్యికి ఒక పాలు, అంటే 21.1 మీటర్లు, పొట్టి కాకుండా కలపాలి. జీపీఎస్ గడియారం 21.3 చూపించిందని పరుగు అయ్యాక గొడవ పడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి: మీరు మలుపుల్లో బయటి వైపు పరుగెత్తి ఉంటారు, లేదా గడియారమే తప్పు చూపి ఉంటుంది. కొలిచినప్పుడు ఉన్న కోన్లు పరుగు రోజు అదే చోట ఉండాలి. మోజంజాహీ కూడలి అంత విశాలమైన చోట కోన్లు మరిచిపోతే, మూల కోసుకుపోయినవాళ్లకు దూరం తగ్గిపోతుంది. శాలిబండ మలుపులో ఎవరెవరు దాటారో నమోదు చేసే టైమింగ్ చాప వేయకపోతే కొందరు గుల్జార్‌హౌజ్ నుంచే తిరిగి వచ్చేస్తారు. మొదలు, ముగింపు ఒకే చోట ఉండడంతో ఇంకో లాభం ఉంది. రికార్డుకు లెక్కించే మార్గంలో ఆ రెండింటి మధ్య పల్లం కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు, నేరు దూరం పరుగులో సగం మించకూడదు. ఇక్కడ ఆ రెండు బెంగలూ ఉండవు.

నీళ్ల లెక్క క్లుప్తంగా. రెండేసి కిలోమీటర్లకు ఒకటి చొప్పున పది చోట్ల, ఒక్కో గ్లాసులో 120 మిల్లీలీటర్లు, ఐదు వేల మందికైతే ఆరు వేల లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు వందలు. ఇది మనిషికి ఒక్క గ్లాసు లెక్క. ఎండలో ముందువాళ్లు ఒకటి తాగి, ఒకటి నెత్తిన పోసుకుంటారు. చివరివాళ్లకు మిగలదు. లిబర్టీ నుంచి ముగింపు దాకా ఉన్న టేబుళ్లకు రెట్టింపు పంపాలి. ఎదురెదురు వరసలున్న చోట టేబుల్ నడుమ పెట్టకూడదు, ఇరుపక్కల అంచుల్లో వేరువేరుగా పెట్టాలి. ఓఆర్‌ఎస్ టేబుల్ ముందు, మంచినీళ్లది దాని తర్వాత. అరటిపండ్లు గ్రానైట్ మీద అసలే వద్దు.

తేదీ చూసుకోవడం మరవొద్దు. వినాయక చవితి తర్వాత నిమజ్జనానికి ఎన్టీఆర్ మార్గ్‌లో, ట్యాంక్‌బండ్ మీద క్రేన్లు దిగుతాయి, ఇనుప బారికేడ్లు కడతారు. ఆ పదిరోజుల్లో ఈ దారి కుదరదు. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది గానీ పొద్దున అడ్డేమీ కాదు. రాత్రి మిగిలిన చెత్త ఎత్తించుకుంటే చాలు.

మీ పత్రికకు ఒక విన్నపం. పరుగు ముందురోజు వేసే వార్తలో మళ్లింపుల జాబితాతో పాటు ప్రతి జంక్షన్‌కూ మూసే టైము, తెరిచే టైము, కాలినడకన దాటగల చోటు ఒక పట్టికగా వేయండి. మదీనాలో పాలు దించేవాడికీ, ఆసుపత్రిలో డ్యూటీ మారే నర్సుకూ కావాల్సింది అదే. అలాగే ఆ ఒక్క ఆదివారం మెట్రో మొదటి రైలును నాలుగున్నరకు నడిపేలా అధికారుల దృష్టికి తేగలరు. ఇమ్లీబన్‌లో బస్సు దిగి నాంపల్లిలో రైలు పట్టుకోవాల్సిన ప్రయాణికులు పరుగు మీదుగా, పైనుంచే దాటిపోతారు. పరుగుకు వచ్చేవాళ్లు ఖైరతాబాద్‌లో దిగి పీపుల్స్ ప్లాజాకు నడిచి వస్తారు, నెక్లెస్ రోడ్డు మీద కార్లు పేరుకోవు.

ఇట్లు,
పరుగు మార్గాలు కొలిచే, నడిపించే పనుల్లో ఉన్న కొందరు రన్నర్లు,
హైదరాబాద్